గుమ్మం దగ్గరి డబ్బా

మా బృందంలో బేస్ గిటార్ నాది. నాలుగు లావుపాటి తీగలు, వాటి వెనుక నేను, నా కాళ్ల ముందు రెండు ఇనుప డబ్బాలు. కాలితో నొక్కుతాం కాబట్టి వాటిని పెడల్స్ అంటారు. ఒకటి ప్రీయాంప్. గిటార్ నుంచి నీరసంగా వచ్చే ధ్వనికి కాస్త కండ పట్టించి, హెచ్చుతగ్గులు సరిచేసి ముందుకు పంపుతుంది. రెండోది డిస్టార్షన్. అదే ధ్వనిని పట్టుకుని చింపి, చీల్చి, గర్జనగా మార్చి వదులుతుంది. బిష్కెక్‌లో నేను అద్దెకుండే గది కిటికీ అద్దాలు వదులయ్యాయంటే ఈ రెండోదాని చలవే.

నాకు అదంటే ప్రాణం. ఎందుకో కూడా చెప్పేస్తాను. నా వేళ్లను నమ్మడానికి లేదు. పాట ఊపందుకుంటే స్వరాలు దిగాల్సిన ఇంట్లో దిగకుండా పక్కింట్లో దిగుతాయి. గర్జన ఉంటే ఎక్కడ దిగాయో ఎవరికీ తెలియదు. ఆ పెడల్ లేకుండా జనం ముందు నిలబడడమంటే నాకు తువ్వాలు లేకుండా స్నానాల గదిలోంచి బయటికి రావడమే.

డబ్బాలు రెండూ ఇంటికొచ్చిన రోజున ఏది ముందు, ఏది వెనుక అన్న ప్రశ్న వచ్చింది. బేస్ వాయించేవాళ్లు ప్రపంచమంతా దీని మీద జుట్టూ జుట్టూ పట్టుకుంటున్నారు. నేను మాత్రం టీ చల్లారేలోగా తేల్చేశాను. మా కిర్గిజ్ ఇళ్లలో పెద్ద అతిథిని గుమ్మానికి ఎంత దూరంగా కూర్చోబెడితే అంత గౌరవం. ఆ చోటును తోర్ అంటాం. గుమ్మం దగ్గర కూర్చునేది కోడలు, అందరికీ టీ పోసి అందించాలి కదా. గిటార్ వైరు వచ్చి దిగే చోటే గుమ్మం. అందుకని ప్రీయాంప్‌ను గుమ్మం దగ్గర పెట్టి, డిస్టార్షన్‌ను తోర్‌లో కూర్చోబెట్టాను. డిస్టార్షన్ నుంచి ఒక వైరు నా వెనుకనుండే యాంప్‌లోకి, అంటే స్టేజీ మీది నా సొంత స్పీకరు పెట్టెలోకి వెళ్లింది. ప్రీయాంప్ పక్కన ఇంకో కన్నం ఉంది, హాల్లోని పెద్ద స్పీకర్లకు వైరు అక్కడి నుంచి ఇవ్వచ్చని డబ్బా మీదే రాసుంది. ఇచ్చాను. మర్యాదకు ఎక్కడా లోటు రాలేదని మురిసిపోయి, కనపడ్డవాళ్లందరికీ ఈ గుమ్మం, తోర్ కథ చెప్పాను.

బృందంలో నాతో పాటు ఇద్దరున్నారు. మేరిమ్ పాడుతుంది, మూడు తీగల కోముజ్ వాయిస్తుంది. అక్జోల్ డ్రమ్ములు బాదుతాడు. సాధన అక్జోల్ వాళ్ల గ్యారేజీలో. అక్కడ పెద్ద స్పీకర్లు లేవు, వినపడేదల్లా నా యాంప్ గర్జనే. అందుకే గొడవ.

"బయామాన్, నువ్వా డబ్బా ఆపకపోతే ఈ కోముజ్‌ని గరిటె చేసి మీ అమ్మకి పంపిస్తాను," అంది మేరిమ్ ఒక రోజు. "వినపడని దానికి తీగలు దండగ."

"హాల్లో ఎవరైనా వినపడట్లేదన్నారా? తోక్‌మోక్ ఊళ్లో వాయించినప్పుడు ఆ పెద్దాయన ఏమన్నాడు? బేస్ వచ్చి గుండెకి తగిలిందన్నాడు. తగిలింది నా గర్జన. నీ గరిటె కాదు."

"ఆయనకి ముందే గుండెజబ్బు ఉందేమో కనుక్కున్నావా?" అన్నాడు అక్జోల్.

నా దగ్గర ఇంకా పెద్ద సాక్ష్యం ఉంది, మా నాన్న. ఆయన ట్రాలీబస్సు, అదే పైన కరెంటు తీగలకు కొమ్ములు ఆనించి నడిచే బస్సు, నడిపి రిటైరయ్యారు. కరెంటు ఉన్నది బస్సు నడపడానికి, పాట పాడడానికి కాదని ఆయన వాదం. అలాంటి మనిషి ఊళ్లో మేం ఎక్కడ వాయించినా వచ్చి చివరి వరసలో కూర్చునేవారు. ఎలా ఉందంటే బాగుందనేవారు. నా గర్జన మా నాన్నను కూడా కరిగించిందని నేను ఊరంతా చాటింపు వేసుకున్నాను.

"సరే, తేల్చేద్దాం," అంది మేరిమ్. "ఈసారి నారిన్ ఊళ్లో వాయించేది హాలు మధ్యలో మైకు పెట్టి రికార్డు చేద్దాం. కోముజ్ వినపడిందా, డబ్బా నీది, మళ్లీ నోరెత్తను. వినపడలేదా, డబ్బా పోవాలి."

"డబ్బా పోతే నేనూ పోతాను," అన్నాను.

నోరు జారింది. పగలంతా ఫోన్లకు పగిలిన అద్దాలు మార్చే పని నాది. ఆ పని చేస్తూ నేను బతికేది సాయంత్రం ఈ ఇద్దరితో వాయించడం కోసమే. కానీ ఆ పెడల్ లేకుండా వాళ్ల పక్కన నిలబడడానికి నాకు ధైర్యం లేదు. వెనక్కి తీసుకుంటానని చెప్పడానికి అంతకన్నా లేదు.

నారిన్‌లో హాలు నిండింది. మాకు ఎప్పుడూ సౌండ్ చూసేది గుల్బారా ఎజె; ఎజె అంటే మాకు అక్క. ఎప్పటిలాగే వచ్చి నా యాంప్‌ను వెనుక తెర వైపు తిప్పించి, కాస్త తగ్గించి వెళ్లింది. ఎప్పటిలాగే ఆమె అటు వెళ్లగానే నేను దాన్ని పెంచుకున్నాను. ఎలాగూ ఆఖరిదేమోనని ఉన్నదంతా ఊడ్చి గర్జించాను. కోముజ్ నాకు ఒక్క ముక్క వినపడలేదు. పక్కనే నిలబడ్డ నాకే వినపడకపోతే హాల్లో ఎవరికి వినపడుతుంది? వ్యాన్ నడుపుతూ తిరిగొచ్చేటప్పుడు వెనుక సీట్లో నిద్రపోతున్న ఇద్దరినీ అద్దంలో చూసుకుంటూ వచ్చాను. ఏడుపొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం గ్యారేజీలో చేరాం. గుల్బారా ఎజె పొట్లం నిండా మాంసం కూరి కాల్చిన వేడి సమ్సాలు తెచ్చింది. అక్జోల్ రికార్డింగ్ పెట్టాడు.

మొదట వచ్చింది కోముజ్. ఒక్కో తీగా విడివిడిగా, పక్కన కూర్చుని వాయిస్తున్నట్టు వినపడింది. దాని కింద ఎవరో బేస్ వాయిస్తున్నారు. గుండ్రంగా, మెత్తగా, తొందర లేకుండా. పాట మొత్తాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నట్టుంది. ఎవరబ్బా వీడు అనుకున్నాను. పాట ఊపందుకునే చోట నేను పెడల్ తొక్కుతాను కదా, అక్కడి కోసం ఊపిరి బిగబట్టాను. ఆ చోటు వచ్చింది, వెళ్లిపోయింది. ఏమీ మారలేదు. మూడో పాటలో మాత్రం ఒక స్వరం తప్పింది, కడిగిన గ్లాసులా స్పష్టంగా. అప్పుడు గుర్తుపట్టాను, వాడు నేనే.

"గెలిచావు," అంది మేరిమ్. నా మొహం చూసి ఆగింది. "మరి నీ గర్జన ఏదీ?"

గుల్బారా ఎజె సమ్సా నములుతూనే నా డబ్బాల వైపు చూపించింది. "హాలుకి వైరు ఇచ్చింది గుమ్మం దగ్గరున్న దాన్నుంచి. టీ అక్కడ్నుంచే అందరికీ వెళ్లిపోయింది. తోర్‌లో కూర్చున్న పెద్దమనిషి ఎంత అరిచినా స్టేజీ దాటి ఎవరికి వినపడుతుంది?"

"మొదట్నుంచీ ఇంతేనా ఎజె?"

"మొదట్నుంచీ."

"మరి చెప్పలేదేం మీరు?"

"కావాలనే చేశావనుకున్నాను. బుద్ధిమంతుడు, గోల తన దగ్గరుంచుకుని జనానికి మంచిది పంపిస్తున్నాడని నలుగురికీ చెప్పుకున్నాను కూడా."

అక్జోల్ నవ్వీ నవ్వీ డ్రమ్ము మీద పడ్డాడు. నాకు నవ్వు రాలేదు. అంటే ఇన్నాళ్లూ నేను గర్జనలో ముంచేశాననుకున్న ప్రతి తప్పూ తోక్‌మోక్ విన్నది, నారిన్ విన్నది, బిష్కెక్ విన్నది. తువ్వాలు ఉందనుకుంటూ ఊరంతా తిరిగొచ్చాను.

"వైరు డిస్టార్షన్ తర్వాత ఇస్తే?" అనడిగాను, సిగ్గు లేకుండా.

"అచ్చంగా గర్జనే పంపితే అడుగునుండే ధ్వని ఊడిపోతుంది, పాటకి నేల ఉండదు," అంది ఎజె. "కావాలంటే దాన్నుంచీ ఇంకో వైరు ఇవ్వు. కింద గుమ్మం డబ్బా, పైన చిటికెడు గర్జన. రెండూ నేను కలుపుతాను. ఎంత చిటికెడో మేరిమ్ చెప్తుంది."

"చివరి పాటలో," అంది మేరిమ్. "ఉప్పంత."

"ఈ తప్పులు వింటూ కూడా నన్ను ఉంచుకుంటారా?"

"వ్యాను నడిపేది నువ్వే కదరా," అన్నాడు అక్జోల్. మేరిమ్ మాత్రం మూడో పాటను వెనక్కి తిప్పి మళ్లీ పెట్టింది. నేను తప్పిన చోటు వచ్చినప్పుడు ఆమె తల ఊపుతూనే ఉంది.

ఆ తర్వాత బిష్కెక్‌లోనే వాయించాం. చివరి పాట దాకా పెడల్ ముట్టలేదు. యాంప్‌లోంచి కూడా నా వేళ్లే వినపడ్డాయి. మూడో పాటలో అదే చోట మళ్లీ తప్పాను. చివరి వరస వైపు చూడలేకపోయాను.

అయ్యాక బయట పీపాలోంచి పోసి అమ్మే మక్సిమ్, అదే పుల్లటి ధాన్యపు పానీయం, గ్లాసు నాన్నకు అందించి అడిగాను, "ఈరోజు ఏమైనా కొత్తగా అనిపించిందా?"

"చివర్లో స్పీకరేదో పాడైనట్టుంది, చూపించుకోండి," అన్నారు.

"అది కాదు. మూడో పాటలో..."

"తప్పావు. ఎప్పుడూ అక్కడే కదా."

"మీకు ముందే తెలుసా?"

నాన్న గ్లాసు ఖాళీ చేసి, మీసాలు తుడుచుకున్నారు. "ట్రాలీబస్సు కొమ్ము మలుపులో కరెంటు తీగ మీంచి జారిపోతుంది. డ్రైవరు కిందికి దిగి, తాడు లాగి, మళ్లీ తగిలించి, బండి ఎక్కుతాడు. జనం సీట్లలోనే కూర్చునుంటారు, ఎవరూ దిగిపోరు. నువ్వు ఎక్కడ జారతావో నాకు తెలుసు. ఎలా తగిలిస్తావో చూద్దామనే వస్తాను."

నేను ఖాళీ గ్లాసు అందుకున్నాను. నాన్న పెడల్స్ ఉన్న సంచీ ఎత్తి చూశారు.

"ఇంత బరువు దేనికిరా?" అంటూనే దాన్ని భుజానికి తగిలించుకుని ముందు నడిచారు.