నా భుజానికి సరిపోయే తుపాకీ

ఆ శనివారం మధ్యాహ్నం ఇంట్లో నలుగురం ఉన్నాం: అమ్మ, అమ్మమ్మ, హార్లన్ మావయ్య, నేను. అన్నయ్య వేడ్ లేడు. మత్తుమాత్రలకు మరిగాడని ఏప్రిల్లో అమ్మ వాణ్ణి గడప తొక్కొద్దంది.

అంతకు నాలుగు రోజుల ముందు, అమ్మమ్మ పగటి నిద్రలో ఉండగా, ఎవరో వెనక తలుపు గడియ ఊడదీసి లోపలికొచ్చి ఆమె నొప్పి మాత్రలు పట్టుకుపోయారు. మా కొండల్లోకి షెరీఫ్ పోలీసులు రావాలంటే ముప్పావు గంట. అమ్మకు వృద్ధాశ్రమంలో పన్నెండు గంటల డ్యూటీ. కాబట్టి ఇంట్లో తుపాకీ ఉండాలనీ, బడి లేని రోజుల్లో దాన్ని పట్టుకోవలసింది నేనేననీ పెద్దవాళ్ళు తేల్చారు.

వచ్చిందెవరో నాకు తెలుసు. మాత్రల సీసా పిండి డబ్బాలో ఉంటుందని ఈ ఇంట్లో పెరిగినవాళ్ళకే తెలుసు. పైగా సగం మాత్రలు వదిలి, మూత బిగించి, మళ్ళీ పిండిలోనే పెట్టి వెళ్ళారు. అమ్మమ్మకు మాత్రలిచ్చేది నేనే కనక నేనే చూశాను. కొన్ని పోయాయన్నాను. మిగతాది చెప్పలేదు.

మావయ్య తెలిసినవాడి కొట్టు నుంచి మూడు పాత రైఫిళ్ళు తెచ్చి మంచం మీద పరిచాడు. ఒక్కొక్కటీ తెరిచి ఖాళీయేనని నాకు చూపించాడు. మా దగ్గరున్నవి నాలుగు వందల డాలర్లు. అన్నీ తుపాకీకే పోస్తే తూటాలకు మిగలవనీ, నేర్చుకోని చేతిలో ఎంత ఖరీదైనదైనా కట్టెపుల్లేననీ అన్నాడు. ఒకటి మరీ బరువు, జింకల వేటకు వాడేది. రెండోదానికి తూటా ఎక్కించే బోల్ట్ కుడివైపుంది, నాది ఎడమచేతి వాటం. మూడోది పొట్టిది, కింద లీవర్ లాగితే చాలు, ఏ చేతికైనా ఒకటే. భుజానికి ఆనించగానే నా కోసమే చేసినట్టు ఒదిగిపోయింది.

"పెళ్ళికూతురికి గౌను కుదిరినట్టుందే" అంది అమ్మమ్మ.

దాన్ని కింద పెట్టి, బరువైనదాన్ని చూపించాను.

మావయ్య నవ్వాడు. "డెల్ఫా, అది ఎత్తితే నువ్వే వెనక్కి పడతావే పిల్లా. దానితో గురి కుదరదు."

"కుదరకూడదనే" అన్నాను.

అమ్మ గిన్నె తుడుస్తోంది. తుడవడం ఆపింది. "ఎవరికి తగలకూడదని?"

నేను నేలకేసి చూశాను. ఎప్పుడూ అంతే, ఇద్దరు ఒకేసారి నన్ను చూస్తే నా నోరు పెగలదు. కానీ ఇప్పుడు ఊరుకుంటే ఆ చిన్న తుపాకీ నాదైపోతుంది. వేడ్ మళ్ళీ వస్తాడు.

"సగం ఉంచి వెళ్ళాడమ్మా. అమ్మమ్మ కోసం."

మావయ్య టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. అమ్మమ్మ కళ్ళు మూసుకుంది, కానీ నిద్రపోలేదు. అమ్మ నా మోచెయ్యి పట్టుకుని మెల్లగా నా గదిలోకి నడిపించింది. ఆమె చెయ్యి తడిగా ఉంది.

"వాణ్ణి కాల్చనమ్మా" అన్నాను.

అమ్మ నా వంక చూడకుండానే తుపాకులున్న గదిలోకి తిరిగి వెళ్ళి తలుపు మూసింది.