ముయెకు వేరే తెర

నాకు తొందరెక్కువ. రాష్ట్ర సరిహద్దులో ఉన్న మా పామేడులో ఈ ఆన్‌లైన్ సెంటర్ పెట్టి ఆరేళ్లయింది. ఇన్నేళ్లలో కంప్యూటర్ అడిగిన ప్రశ్నను పూర్తిగా చదివి జవాబిచ్చిన పాపాన పోలేదు. కనబడగానే ఎంటర్ కొట్టడమే. అలాంటి నన్ను ఆ బుధవారం ముయె ఆపింది.

ముయె పక్క ఊరి పిల్ల, పన్నెండో తరగతి పాసైంది. చిన్నప్పుడు జ్వరమొచ్చి చూపు తగ్గింది. అక్షరం అరచేతంత ఉంటేనే కనబడుతుంది. టైపింగు మాత్రం గడగడా కొట్టేస్తుంది. ఆరోగ్య కేంద్రంలో టీకాల లిస్టు ఎక్కించే ఉద్యోగానికి పరీక్ష పెట్టడానికి ఆ మధ్యాహ్నం రెండింటికి బ్లాకు ఆఫీసు నుంచి సాహెబ్ వస్తున్నాడు. పరీక్ష నా కంప్యూటర్ మీదే. అంతకుముందు రెండు చోట్ల చూపు లేదని ఆమెను వెనక్కి పంపేశారు. ఇదీ పోతే మళ్లీ చర్ల వైపు మిరప తోటల్లో కూలికి పోవాల్సిందే.

నా కంప్యూటర్ ముసలిది. అందులో ఉన్న డెస్క్‌టాప్‌లో, అంటే తెర మీది బొమ్మల అమరికలో, అక్షరాలను పెద్దవి చేసుకునే వీలు లేదు. ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఇంకో డెస్క్‌టాప్ పెట్టుకుంటే, ఆల్ట్ నొక్కి మౌస్ చక్రం తిప్పగానే తెరంతా పెద్దదవుతుందని చర్లలో ఉండే మా తమ్ముడు నాగార్జున చెప్పాడు. పెన్‌డ్రైవులో ఫైళ్లు కూడా పంపాడు. అయితే నర్సు రాధ రోజూ పని చేసుకునేది కూడా ఈ కంప్యూటర్ మీదే. తన తెరలో ఒక్క బొమ్మ జరిగినా ఊరుకోనని ముందే ఒంటికాలి మీద లేచింది. అంటే పాతది ఉన్నదున్నట్టు ఉండాలి, కొత్తది పక్కన చేరాలి.

పొద్దున్నే మొదలుపెట్టాను. కమాండ్ కొట్టగానే తెర నిండా ప్యాకేజీల, అంటే ప్రోగ్రాముల పేర్లు, అడుగున కొనసాగించాలా అని ప్రశ్న. నా వేలు ఎంటర్ మీదికి పోయింది.

"ఆగక్కా," అంది ముయె నా చెయ్యి పట్టుకుని. "ఏమేం రాసిందో సదువు."

నాకు ఒళ్లు మండింది. టైమెంతైందో తెలుసా అని కసిరాను. ఆమె నా చెయ్యి వదల్లేదు. విసుక్కుంటూ చదవడం మొదలుపెట్టాను. కొత్తగా వచ్చేవాటి పేర్లు అయిపోయేసరికి నోరెండిపోయింది. తర్వాత తీసేసేవాటి వరుస వచ్చింది. అందులో మొదటి పేరు రాధ వాడే డెస్క్‌టాప్‌ది. ఆ ఎంటర్ కొట్టి ఉంటే నా బతుకు బస్టాండే.

పేరుకు ఆన్‌లైన్ సెంటరే గానీ లోపల సిగ్నల్ రాదు. పంచాయతీ ఆఫీసు పక్క నీళ్ల ట్యాంకు మెట్లెక్కి తమ్ముడికి ఫోన్ చేశాను. మీ దాంట్లో ఏ వెర్షను ఉందని వాడు తాపీగా అడిగాడు. ఫైళ్లు పంపేముందు అడగాల్సిన మాట అది. వాడు పంపినవి కొత్త వెర్షనువట, మాది పాతదట. నాలుగు తిట్టాను. పెన్‌డ్రైవు పక్కన పెట్టి మా వెర్షనుకు సరిపోయేవి నెట్‌లో దించుకోమన్నాడు. అవసరమైనవే చాలు, వాటి తోకలన్నీ వద్దన్నాడు. ముందు ఉత్తుత్తి ఇన్‌స్టాల్ చేసి చూడమన్నాడు. అది ఏదీ మార్చదు, ఏం జరగబోతుందో చెబుతుందంతే.

సిగ్నల్ సెంటర్‌కు రాదు కాబట్టి కంప్యూటర్‌నే సిగ్నల్ దగ్గరికి మోసుకుపోయాం. సీపీయూ డబ్బా ముయె నెత్తిన, మానిటర్ నా చంకన. పంచాయతీ అరుగు మీద ప్లగ్గు పెట్టి, ఫోన్‌ను ట్యాంకు మెట్టు మీద ఉంచి, దాని నెట్‌ను కంప్యూటర్‌కు కలిపి ఉత్తుత్తిది కొట్టాను. ఈసారి ఎవరూ చెప్పకుండానే పైనుంచి కిందిదాకా చదివాను. కొత్తవి నూట పన్నెండు, తీసేసేవి సున్నా. సున్నా అని అరిచేశాను.

"ఇగ కొట్టక్కా," అంది ముయె.

పన్నెండున్నరకు అన్నీ దిగాయి. కంప్యూటర్‌ను మళ్లీ సెంటర్‌కు చేర్చి ముయె పేరుతో వేరే ఖాతా తెరిచాను, ఒకరి అమరికలు ఇంకొకరి దాంట్లో కలవకుండా. లాగిన్ తెర మూలన ఇప్పుడు రెండు డెస్క్‌టాప్‌ల పేర్లున్నాయి. రాధ వచ్చి తనది తెరిచింది, బొమ్మబొమ్మా వేలుపెట్టి చూసుకుని ఊఁ అని వెళ్లిపోయింది. ఆ ఊఁ నాకు బిరుదు కంటే ఎక్కువ.

తర్వాత ముయె తనది తెరిచి, ఆల్ట్ నొక్కి చక్రం తిప్పింది. అక్షరాలు పెరిగాయి, ఇంకా పెరిగాయి. ఎప్పుడూ తెరకు ముక్కు ఆనించి కూర్చునే పిల్ల నడుం నిటారుగా పెట్టి వెనక్కి జరిగింది. ఆనందం పట్టలేక దాని వీపు మీద ఒక్కటి చరిచాను.

సాహెబ్ వచ్చి, అంత పెద్ద అక్షరాలు చూసి ఇదేమన్నా సినిమా హాలా అని నవ్వాడు. ముయె టైపు మొదలుపెట్టింది. ఇచ్చిన పేజీ ఇరవై నిమిషాల్లో అయిపోయింది, తప్పు ఒక్కటే. సాహెబ్ నవ్వడం మానేసి రెండోసారి సరిచూశాడు. ఆ తెర మీదే, ఇక్కడి సర్కారు భాష హిందీలో నియామక పత్రం తయారుచేసి, వివరాలు సరిగా ఉన్నాయో లేదో చూసుకోమన్నాడు.

అలవాటు కొద్దీ చదివి వినిపిద్దామని ముందుకు వంగాను.

ముయె నన్ను మెల్లగా పక్కకు జరిపింది. "నువ్వు కూసో అక్కా. నేనే సదువుత."

తన పేరు చదివింది, తండ్రి పేరు చదివింది, ఊరి పేరు చదివింది. తెర మీద అక్షరాలు అరచేతంత ఉన్నాయి. కళ్ల నిండా నీళ్లు, నాకే ఒక్కటీ కనబడలేదు.