వాసన లేని మైనం

పువ్వు పువ్వు నందు పుప్పొడివై యుండి
తేనెలోని తీపి తెలియనిచ్చు
మనసులోని చీడ మాన్పగల దొరవు
సర్వసాక్షి! మమ్ము సాకుమయ్య

కత్తిరింపులు పూర్తయి, ద్రాక్షతీగలు ఎండు తాళ్ళవలె పందిరిని పట్టుకొని వేలాడుతున్న రోజులవి. చలి ఇంకా వదలలేదు. తేనెటీగలు పెట్టెల్లో ముద్దగా ఒదిగి ఉండి, ఎండ కాసినప్పుడు మాత్రం ఒకటి రెండు గడప దాకా వచ్చి, లోకం ఇంకా పూయలేదని తెలుసుకొని వెనుదిరుగుతున్నాయి. అటువంటి ఒక ఉదయాన, పట్టణంలో కొవ్వొత్తులమ్మే దుకాణదారు తాను కొన్న కొవ్వొత్తుల పెట్టెను తానే మోసుకొని ఆ తోటకు వచ్చాడు. సరకు కొన్నవాడు సరకుతోనే తిరిగివచ్చాడంటే అది శుభవార్త కాదని ఇంటి ఇల్లాలికి వాకిట్లోనే తెలిసిపోయింది.

ఆ ఇల్లాలిని అందరూ 'వదిన' అనే పిలిచేవారు. అలా పిలవవలసినవాడు నిజానికి ఒక్కడే, ఆమె మరిది. కాని అతని పిలుపు కూలివాళ్ళకూ, ఇరుగుపొరుగులకూ అంటుకుపోయింది. ఆమె కాపురానికి వచ్చిన నాటికి అతడు పాలపళ్ళు ఊడని పసివాడు. అత్తగారు కన్నుమూశాక అతనికి తల దువ్వినదీ, జ్వరం వస్తే మేలుకొని కూర్చున్నదీ ఆమెయే. భర్త పొద్దస్తమానం ద్రాక్షపందిరి కిందనే ఉంటాడు గనుక ఆయనకు 'పందిరాయన' అని పేరు. మరిది తేనెటీగలను సాకుతాడు, తేనె తీస్తాడు, మైనం కరిగించి కొవ్వొత్తులు పోస్తాడు. బేరాలూ తాళంచెవులూ వదినవి.

"వదినగారూ, మీ కొవ్వొత్తులు ఈమధ్య మంచి మర్యాద నేర్చుకున్నాయండీ" అన్నాడు దుకాణదారు పెట్టె దించుతూ.

"అదేమిటండీ?"

"వెలిగించీ వెలిగించగానే నడుం వంచి దండం పెడుతున్నాయి. ఇదివరకు మీ వత్తి వెలిగిస్తే గదంతా తేనె వాసన. ఇప్పుడు మసివాసన. కొన్నవాళ్ళు నన్ను తిడుతున్నారు. నేను మిమ్మల్ని తిట్టలేను కదా, అందుకని తెచ్చి ఇచ్చేస్తున్నా."

వదిన ఒక కొవ్వొత్తిని చేతిలోకి తీసుకొన్నది. చలికాలంలో మంచి మైనం మీద, పండిన ద్రాక్ష మీద బూడిద పట్టినట్లే, పలుచని తెల్లని పొర కమ్ముతుంది. గుడ్డతో తుడిస్తే పోతుంది, నాలుగు రోజులకు మళ్ళీ వస్తుంది. ఈ కొవ్వొత్తి మీద ఆ పొర జాడే లేదు. నూనె రాసిన ముఖంవలె నిగనిగలాడుతున్నది. విరిస్తే పుటుక్కున విరగలేదు, వంగింది.

"ఇందులో ఏదో కలిసింది" అన్నది ఆమె మెల్లగా.

"కలిసిందో, కలిపారో!" అని దుకాణదారు కండువా దులుపుకొన్నాడు. "మైనం గదిలోకి ఎవరు వెళతారో నాకంటే మీకే బాగా తెలుసమ్మా."

ఆయన వెళ్ళిపోయాడు. ఆ మాట మాత్రం వెళ్ళలేదు. కాలిలో దిగిన ముల్లు నడిచినకొద్దీ లోపలికి పోయినట్లు, అది ఆమె మనసులో అడుగడుగునా లోతుకు దిగింది.

ఆ వారమే మైనం గదికి కొత్త తాళం పడింది. ఇంటి తాళంచెవులన్నీ తన నడుమున ఉండగా, ఒక్క చెవి మాత్రం మరిది మొలతాడుకు వేలాడటం ఆమె చూసింది.

"ఆ గదికి తాళమెందుకురా అబ్బాయ్?"

"ఈగలు దూరుతున్నాయి వదినా."

"ఈ చలిలోనా? అయినా తాళం చూసి వెనక్కిపోయే ఈగల్ని నేను ఇప్పుడే వింటున్నా!"

మరిది నవ్వలేదు. ఎప్పుడూ ఆమె ఒక మాటంటే రెండు మాటలు తిరగేసేవాడు, ఈసారి తలవంచుకొని పక్కకు తప్పుకొన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకొన్నట్లుంది ఆ తప్పుకోవడం.

ఆ సంగతి ఆమె భర్త చెవిన వేసింది. పందిరాయన కత్తెరకు పదును పెట్టుకొంటూ అంతా విని, "వాడు మన పిల్లాడే" అన్నాడు.

"మన పిల్లాడే కాబట్టి చెబుతున్నా. పరాయివాడైతే ఈపాటికి వాకిలి దాటించేదాన్ని."

"అడిగి చూడకపోయావా?"

"అడిగితే దొంగ దొంగనని చెబుతాడా ఏమండీ?"

"చెప్పడనుకో. నీకూ అడిగే ధైర్యం లేదనుకో. ఇక మిగిలింది ద్రాక్షతీగలే, వాటిని అడుగుదాం" అని ఆయన కత్తెర తీసుకొని లేచిపోయాడు.

వసంతం వచ్చింది. తీగల కణుపుల్లో ఎర్రని మొగ్గలు పగిలి లేతాకులు విప్పుకొన్నాయి. పొలం గట్లన్నీ పూచి తేనెటీగలు దారాలు తీసినట్లు బారులు కట్టాయి. మరిది పెట్టెలు తెరిచి, లోపలి చట్రాల్లో రెండేళ్ళు ఉండి నల్లబడిన తేనెపట్లను తీసి పక్కన పెట్టి, ఆ చట్రాలకు కొత్త మైనపు రేకులు బిగించే కాలమది. పలుచని ఆ రేకును ఆధారం చేసుకొనే ఈగలు తమ అరలు కట్టుకొంటాయి. పూర్వం ఆ రేకులను మరిదే చేసేవాడు: తడిపిన చెక్కపలకను కరిగిన మైనంలో ముంచి, తీసి, చల్లార్చి, అంటిన పొరను చీర మడత విప్పినట్లు వొలిచేవాడు. ఆ నిదానం చూసి వదినకు ఓపిక నశించేది. గడిచిన మూడు వసంతాలూ, ఈ వసంతమూ ఆమెయే పట్టణంలో తయారు రేకులు కొని తెస్తున్నది. అవి చాలక మిగిలిన వెనుక వరుస పెట్టెలకు మాత్రం అతడు ఇంకా పలక ముంచుకొంటూనే ఉన్నాడు.

ఆ వసంతమంతా ఆమె చూపు ఈగల మీద లేదు, పూల మీద లేదు. దండెం మీద ఆరేసిన మరిది చొక్కాను ఎవరూ చూడకుండా ముక్కుకు ఆనించుకొని, మైనంలో కలిపే లాంతరు చమురు వాసన వస్తుందేమోనని వెతికింది. రాలేదు. 'ఉతికి ఆరేశాడు గదా, ఎందుకు వస్తుంది?' అనుకొన్నది. గది తలుపుకు అడ్డంగా సన్నని దారం కట్టింది. ఉదయానికి దారం తెగి ఉన్నది. గాలికి తెగి ఉండవచ్చునన్న ఆలోచన ఆమెకు రాలేదు. వచ్చినా కూర్చోనిచ్చేది కాదు. ఒకనాడు మరిది తువాలు చాటున ఏదో మూట పట్టుకొని పట్టణం దారి పట్టాడు. వెళ్ళినప్పుడు ఎంత మూటో వచ్చినప్పుడూ అంతే. ఒకటి ఇచ్చి ఒకటి తెచ్చాడన్నమాట. ఏమిచ్చాడు? ఏమి తెచ్చాడు? అనుమానమనేది చిత్రమైన ఆకలి. ఏమీ దొరకకపోయినా దానికి కడుపు నిండుతూనే ఉంటుంది.

ద్రాక్ష పిందెలు మిరియపు గింజలంత అయిన నాడు, భర్త ఎదుటనే ఆమె బయటపడింది.

"కోత అయ్యాక నీ పెట్టెలు నువ్వు తీసుకుని నీ దారి నువ్వు చూసుకో. కంచే చేను మేస్తుంటే చూస్తూ ఊరుకోలేను."

మరిది ఆమెవైపు తిరిగాడు. "నువ్వే అంటున్నావా వదినా ఈ మాట?"

"నేనే."

"అయితే సరే."

అంతే. కాదనలేదు, ఒట్టు పెట్టుకోలేదు. ఎదురు తిరిగి అరిచి ఉంటే ఆమె ఏడ్చి ఉండేది. ఆ 'సరే' ఆమెను రాయి చేసింది. అతని కళ్ళలో పట్టుబడినవాని భయం లేదు, జాలివంటిది ఏదో కనిపించింది. జాలిపడటానికి వీడెవడు? ఆ జాలిని కూడా ఆమె అనుమానించింది. పందిరాయన ఆ రోజు పందిరి కిందికి వెళ్ళి, చీకటి పడేవరకు ఇంట్లోకి రాలేదు.

ఎండలు ముదిరాయి. ద్రాక్షగుత్తులకు రంగు తిరుగుతున్నది. అంత ఎండ తోటలో ఎవరూ ఎరుగరు. ఈగలు పెట్టెల ముఖం మీద గుంపులుగా చేరి రెక్కలతో విసురుకొంటున్నాయి. ఆ మధ్యాహ్నం మరిది కేక వినబడింది.

"వదినా! నీళ్ళు! గోనెలు!"

కొన్నాళ్ళుగా మాటలు లేని మనుషులు. అయినా ఆ కేకకు ఆమె కాళ్ళు ఆమెను అడగకుండానే పరుగెత్తాయి. ముందు వరుస పెట్టెల అడుగునుండి తేనె కారి మట్టిలో మడుగు కట్టుతున్నది. మూత ఎత్తితే, చట్రాల్లో నిలువుగా ఉండవలసిన పట్లు తడిసిన అట్టల్లా కిందికి జారి ఒకదానిమీద ఒకటి కూలి ఉన్నాయి. ఈగలు ఆ జిగురులో చిక్కి రెక్కలాడించలేక పొర్లుతున్నాయి. తేనె వాసనకు పక్క పెట్టెల ఈగలు దోపిడికి దిగుతున్నాయి.

ఇద్దరూ పనిలో పడ్డారు. ఆమె తడిగోనెలు కప్పింది, అతడు కూలిన పట్లను పళ్ళెంలోకి ఎత్తాడు. ముంజేతి మీద ఈగలు కుట్టినా ఆమె చేయి వెనక్కి తీయలేదు. ఒక పెట్టె, రెండో పెట్టె, మూడోది. ముందు వరుసంతా అదే తీరు. ఇక వెనుక వరుసకు పరుగెత్తి మూతలెత్తారు. లోపల పట్లు అద్దాలవలె నిటారుగా నిలబడి ఉన్నాయి. ఎండ ఒకటే, తేనె ఒకటే, ఈగలూ ఒకటే.

వదిన ఆ రెండు వరుసల నడుమ నిలబడిపోయింది.

"ఈ వెనక పెట్టెలకు ఎవరి రేకులు?"

"నేను ముంచినవి."

"ముందు వాటికి?"

జవాబు ఆమెకే తెలుసు. ఆమె కొట్టుగదిలోకి పోయి, తాను కొన్న రేకుల్లో మిగిలినదొకటి తెచ్చి ఎండలో గట్టు మీద పెట్టింది. దాని పక్కన అతని రేకు పెట్టింది. కాసేపటికి అతనిది మెత్తబడినా నిలిచింది. ఆమెది పిండివలె గట్టుకు అతుక్కొని జారింది. ఎత్తి వాసన చూసింది. అసలు వాసనే లేదు. రేకుల్లో ఉన్న కల్తీయే పట్టయింది. పట్టు రెండేళ్ళు పెట్టెలో ఉండి, కిందటి కరిగింపులో కొవ్వొత్తి అయింది. అన్ని మూటలూ అనుమానించింది గాని, తన చేతి సంచీని ఆమె ఒక్కనాడూ అనుమానించలేదు.

"నేనే తెచ్చాను" అన్నది. "నీకు తెలుసా?"

"రేకుల సంగతి ఇప్పుడే తెలిసింది. మైనం చెడిందని మాత్రం కరిగించినప్పుడే తెలిసింది."

"మరి చెప్పలేదేం?"

మరిది కాలి బొటనవేలితో మట్టి గీశాడు. "నువ్వే కలిపావనుకున్నా."

"ఏమిటీ?"

"తూకం పెరగాలని ఏదో పోశావనుకున్నా వదినా. ఆ గదిలోకి నేను కాకుండా వచ్చేది నువ్వొక్కదానివే. మళ్ళీ పొయ్యకుండా తాళం వేశా. చెడ్డ కొవ్వొత్తులు కొన్నవాళ్ళ ఇళ్ళకు పోయి, తేనె అరల మూతల మైనంతో పోసిన మంచివి ఇచ్చి, వాటిని మార్చి తెచ్చా. నీ పేరు బయటికి రాకూడదని."

"నిన్ను పెంచినదాన్ని! నన్నే అనుమానిస్తావురా? నన్ను ఒక్క మాట అడక్కుండా నా మీదే..." అని వదిన గొంతు లేచింది. లేచినంత వేగంగానూ ఆగిపోయింది.

వెనుకనుండి పందిరాయన నవ్వు వినబడింది. ఎప్పుడు వచ్చాడో, నీళ్ళబిందెతో నిలబడి ఉన్నాడు. "బాగా సరిపోయారు ఇద్దరూ! గోడకు అటొకరు ఇటొకరు కాపలా. దొంగ మాత్రం హాయిగా పెట్టెలో కూర్చుంది."

ఎవరూ నవ్వలేదు. నవ్వగలిగిన స్థితి కాదు.

మరునాడు వదిన తానే దుకాణానికి వెళ్ళింది. "చెడగొట్టింది మా మరిది కాదండీ, నేను. తెలియక చేశాను, అయినా నేనే" అని నలుగురు వినేటట్లు చెప్పింది. ఈ ఏడు కొవ్వొత్తులు ఉండవనీ, ముందు వరుస మైనమంతా పారవేస్తున్నామనీ చెప్పింది.

"మరి వచ్చే ఏడు?" అన్నాడు దుకాణదారు.

"వాసన చూసి కొనండి. నా మొహం చూసి కొనకండి."

దుకాణంలో చెప్పగలిగిన మాట ఇంట్లో చెప్పలేకపోయింది. 'కోత అయ్యాక నీ దారి చూసుకో' అన్న మాట పందిరికి వేలాడుతూనే ఉన్నది. ఆమె వెనక్కి తీసుకోలేదు. అతడు తీసుకోమని అడగలేదు. గుత్తులు నల్లబడ్డాయి, కోత మొదలైంది, బుట్టలు నిండి బండ్లకెక్కాయి. అతడు తన పెట్టెలకు తాళ్ళు బిగిస్తున్నాడేమోనని ఆమె రోజూ కిటికీలోనుండి చూసేది. తాళ్ళు పేనుతున్నట్లే కనిపించేవాడు. అవి ద్రాక్షబుట్టలకో, ప్రయాణానికో ఆమెకు తెలియదు. అడగడానికి భయం.

చివరి గుత్తి మరిదే కోశాడు. నిచ్చెన దిగి, చేతులు తుడుచుకొని అన్న పక్కన నిలబడ్డాడు.

"కోత అయిపోయింది వదినా."

"అయిపోయింది."

"నువ్వొక మాటన్నావు."

"అన్నాను. మీ అన్నయ్య ఎదుటే అన్నాను, ఆయన ఎదుటే తీసేసుకుంటున్నా. తప్పు నాది. నువ్వు ఎక్కడికీ పోవద్దు. పోతానంటే..." అని ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొన్నది. "పోతానంటే ఆపే హక్కు నాకు లేదురా. కానీ పోవద్దు."

మరిది నిచ్చెన మీద చేయి వేశాడు. "ఉంటా. కానీ పట్నం నుంచి ఏది తెచ్చినా ముందు నాకు చూపించాలి."

"చూపిస్తా. నువ్వు నన్ను అడక్కుండా నన్ను అనుమానించకూడదు."

"అడిగి అనుమానించొచ్చా?"

"అడిగితే ఇంకా అనుమానమెక్కడుంటుందిరా పిచ్చి సన్నాసీ!"

"నా నిచ్చెన కాస్త వదిలి మాట్లాడుకోండి" అన్నాడు పందిరాయన. "ఇంకా ఆకులు ఏరాలి నేను."

ఆ రోజుతో వదిన మనసులోని అనుమానమంతా కడుక్కుపోయిందని చెబితే అది అబద్ధమవుతుంది. ఆ శీతాకాలం మైనపు ముద్దలు గట్టిపడ్డాక, ఆమె ప్రతి ముద్దనూ ముక్కుకు ఆనించి చూసేది. అయితే మరిదిని పిలిచి, అతని ఎదుటనే చూసేది. "ఇది ఎట్లా ఉంది, నువ్వు చెప్పు" అని అతని చేతికి ఇచ్చేది. అతడు వాసన చూసి, "ద్రాక్షపూతప్పటిది" అనో, "గట్టు మీది పూలది" అనో చెప్పేవాడు. ఒక్కొక్కసారి ఇద్దరికీ పొత్తు కుదిరేది కాదు. అప్పుడు వాదించుకొనేవారు, బిగ్గరగా, తలుపులు తెరిచిపెట్టి.

ఈ కథ విన్నవారి ఇళ్ళలో అడగవలసిన మాట గొంతులో ఆగిపోకుండు గాక. పెంచిన చేతులకూ పెరిగిన చేతులకూ నడుమ చీకటి చేరకుండు గాక. వారి తీగలు కాచి, వారి పట్లు నిలిచి, వారి దీపాలు నిటారుగా వెలుగు గాక. చదివినవారికీ, చదివించి విన్నవారికీ, వినక నిద్రించిన పసివారికీ ఆ సర్వసాక్షి సమానంగా మేలు చేయు గాక.