తుపాకీకి వేలిముద్ర

ఆ క్వారీకి సైరన్ లేదు. పొద్దున్నే కంట్రాక్టరు ఆఫీసు మెట్ల మీద నిలబడి గాల్లోకి తుపాకీ పేలుస్తాడు. ఆ చప్పుడుకు పని మొదలు. కూలీలకు అదో గొప్ప. పిల్లల్ని ఆ తుపాకీ పక్కన నిలబెట్టి ఫొటోలు తీయించుకునేవాళ్లు. అందరూ వదినా అని పిలిచే కంకర కొట్టే ఆమె కూడా తన కొడుక్కి తీయించింది.

ఒకరోజు వదిన మొగుడు ఆలస్యంగా వచ్చాడు. కంట్రాక్టరు బెదిరిస్తూ తుపాకీ గురిపెట్టాడు, అది పేలింది. మనిషి అక్కడికక్కడే పోయాడు. పోలీసులు మాత్రం "తుడుస్తుంటే పేలింది" అని రాసుకుని తుపాకీ పట్టుకుపోయారు.

నెల తిరక్కుండానే మేస్త్రీ కాగితం తెచ్చాడు. కంట్రాక్టరుకు తుపాకీ లైసెన్సు మళ్లీ ఇవ్వాలంటే కూలీలు వేలిముద్రలు వెయ్యాలి. ఏటా వేస్తున్నదే.

"ఏం రాశారందులో?" అంది వదిన. ఇన్నేళ్లలో ఎవరూ అడగని మాట.

"ఎప్పుడూ ఉండేదేలే."

"చదువు."

మేస్త్రీ గొణిగాడు. "ఈయన శాంతస్వభావుడు. ఈయన దగ్గర తుపాకీ ఉన్నందుకు మాకే భయమూ లేదు."

శాంతస్వభావుడట! వదిన ఒళ్లు మండిపోయింది.

"పోయినేడు మా ఆయనా దీనికింద వేలు పెట్టాడు. మనమే ఇచ్చామర్రా దాన్ని వాడి చేతికి!"

"ఆయనకి రక్షణ వద్దా కోడలా?" అన్నాడు లారీలకు రాయి ఎత్తే లోడింగు తాత.

"ఎవరి నుంచి మామా? నడుం వంగిన నీ నుంచా?"

"అయితే మనమూ ఒకటి కొందాం," అన్నాడు క్రషర్ అతను పళ్లు కొరుకుతూ.

"మనం ఒకటి కొంటే వాడు నాలుగు తెస్తాడు. ఉన్నది పోవాలి."

మేస్త్రీ చేతిలోంచి కాగితం లాక్కుని తిరగేసి, బడికెళ్లే కొడుకుతో వెనక రాయించింది. 'మాకు భయముంది. ఇతనికి తుపాకీ ఇవ్వొద్దు.' మొదటి వేలు తనదే. తాత చాలాసేపు తటపటాయించి, చివర్లో వేశాడు.

కాగితం స్టేషనుకు తీసుకెళ్లిన వదినను, కూలీలను రెచ్చగొట్టిందని లోపల వేశారు.

మర్నాడు కంట్రాక్టరు వట్టి చేతులతో మెట్ల మీద నిలబడ్డాడు. "పనిలోకి నడవండి!" అని మేస్త్రీ అరిచాడు. ఒక్కరూ కదల్లేదు. తాత సుత్తి తీసుకుని, అక్కడ వేలాడుతున్న పాత రైలుపట్టా ముక్క మీద ఠంగుమని కొట్టాడు.

"కోడలి దగ్గరికి పదండ్రా!"

మూడొందల మంది స్టేషను ముందు నిలబడ్డారు. ఇన్‌స్పెక్టరు లాఠీతో బయటికొచ్చాడు.

"ఎవడ్రా మీ నాయకుడు?"

తాత సిరా మరక వదలని బొటనవేలు ఎత్తాడు. వెనక మూడొందల వేళ్లు లేచాయి.

"అందరం వేశాం సారూ. అందర్నీ లోపలెయ్యండి."