దండెం మీది బట్టలు

“వాన పడేలా ఉంది, మేడమీద బట్టలు కాస్త తెచ్చిపెట్టమ్మా” అంది అత్తగారు.

మా అత్తగారు కాదు. కనపడకుండా పోయినావిడ అత్తగారు. ఆ ఇంటికి నేను వెళ్ళింది విలేకరిగా. చేతిలో నోటుపుస్తకం ఉంది, సంచీలో ఫొటోలు తీసే ఫోను ఉంది. అయినా ఆ మాట వినగానే పుస్తకం మూసి మెట్లెక్కాను. పెళ్ళయి నాలుగేళ్ళు. అత్తగారి గొంతు ఎవరిదైనా సరే, నా కాళ్ళు నన్నడక్కుండానే లేస్తాయి.

మా పత్రికలో తప్పిపోయినవాళ్ళ గురించి వచ్చే చిన్న వార్తలు నేను రాస్తాను. కింద నా పేరుండదు. ఆఫీసులో నన్ను ‘కనబడుటలేదు’ అని పిలుస్తారు. “ఏమోయ్, కనబడుటలేదు ఇవాళ కనబడిందా?” అని ఒకాయన అడుగుతాడు, మిగతావాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నవ్వకపోతే పొగరంటారు. ఇంట్లో మా అత్తగారిది ఇంకో పాట. “ఊళ్ళో ఆడవాళ్ళందర్నీ వెతికి పెడుతుంది, ఇంట్లో ఉప్పుడబ్బా ఎక్కడుందో అడిగితే తెలీదు.” మా ఆయన నవ్వి ఊరుకుంటాడు. ఆయన మంచివాడని అందరూ అంటారు.

కనపడకుండా పోయినావిడ భర్త కూడా మంచివాడే. బడిలో లెక్కల మేస్టారు. మంగళవారం పొద్దున ఏడున్నరకి తను బడికి వెళ్ళేసరికి భార్య మేడమీద బట్టలు ఆరేస్తోందని, సాయంత్రం వచ్చేసరికి లేదని చెప్పాడు. పగలంతా ఆయన బడిలోనే ఉన్నాడు. నలభై మంది పిల్లలు సాక్ష్యం. కాబట్టి ఆవిడే ఎటో వెళ్ళిపోయింది. ఎవరితోనో వెళ్ళిపోయిందని వీధి మిగతాది కలిపింది.

“పొద్దున మీరు కోడల్ని చూశారా?” అని అత్తగారిని అడిగాను.

“చూడ్డమేంటమ్మా. కుళాయి చప్పుడైంది, బకెట్టు చప్పుడైంది. ఈ ఇంట్లో అది కాక ఇంకెవరు చేస్తారా పని?”

పక్కింట్లో బట్టలు కుట్టే అక్క ఉంది. పోలీసులకి సాక్ష్యం చెప్పింది ఆవిడే. “ఎనిమిదింటికి మా కిటికీలోంచి చూస్తే బట్టలు నీళ్ళోడుతున్నాయి. ఉందన్నట్టే కదా” అంది.

నేను అదే రాసుకున్నాను. ఉందన్నట్టే కదా. ఆ మాటలో తప్పేమీ నాకు కనపడలేదు. నన్ను కూడా ఎవరైనా చూసేది అలాగే. గిన్నెలు తోమి ఉంటే నేనున్నట్టు, తోమకపోతే నేను లేనట్టు.

మేడమీద మంగళవారంనాటి బట్టలు మూడురోజులైనా ఇంకా దండెం మీదే ఉన్నాయి. ఆ ఇంట్లో తీసేవాళ్ళెవరు? అత్తగారికి మోకాళ్ళ నొప్పి. మేస్టారికి భార్య పోయిన దిగులు. చినుకులు మొదలయ్యాయి. నేను గబగబా క్లిప్పులు ఊడదీసి, ఒక్కొక్కటే మడిచి భుజాన వేసుకోవడం మొదలుపెట్టాను. చొక్కాలన్నీ మంచి వైపు ఎండకి పెట్టి ఉన్నాయి, భుజాల దగ్గర రంగు వెలిసిపోయింది. చూడు, తిరగేయనే లేదు అనుకున్నాను. మడిచాను. కాలరు పట్టి క్లిప్పులు పెట్టారు, నొక్కులు పడ్డాయి. అదీ మడిచాను. వీధి వైపు ముందు తీగ మీద ఆవిడ లోబట్టలున్నాయి. పైన ఏ గుడ్డా కప్పలేదు. వచ్చేపోయేవాళ్ళందరికీ కనపడేలా, వరసగా.

సిగ్గేసి, అవే ముందు తీసి చొక్కాల మధ్య దోపేశాను. మెట్లు దిగుతుంటే, నాలుగో మెట్టు మీద కాళ్ళు ఆగిపోయాయి.

పదిహేనేళ్ళు కాపురం చేసిన ఆడది లోబట్టలు వీధి వైపు ఆరేయదు. వెనక తీగ మీద వేస్తుంది, పైన తువ్వాలు కప్పుతుంది. ఆ సంగతి మనకెవరూ చెప్పరు. చెప్పకుండానే వస్తుంది, భయంలాగా. ఈ బట్టలు ఆరేసింది ఆవిడ కాదు. జన్మలో బట్టలు ఆరేయని చెయ్యి ఎవరిదో ఏడున్నరకి ముందే బకెట్టు మేడమీదికి మోసింది. అప్పటికి ఆవిడ లేదు. ఆరేస్తోందన్న మేస్టారి మాట అబద్ధం.

వెనక్కి తిరిగి చూశాను. దండెం ఖాళీ. వాన గట్టిగా పడుతోంది. బట్టలన్నీ నా భుజం మీద చక్కగా మడతలు పెట్టి ఉన్నాయి. మడతపెట్టింది నేనే.

బట్టలు లోపల పెట్టి, పక్కింటి అక్క దగ్గరికి పరిగెత్తాను. “ఆవిడ లోబట్టలు ఎక్కడ ఆరేసేది?”

“వెనకాల తీగ మీద, తువ్వాలు కింద. ఎందుకమ్మా?” అంది. చెప్పాను. మిషను చక్రం మీద ఆవిడ చెయ్యి ఆగింది. “నేనేం చూడలేదు తల్లీ. బట్టలు చూశానంతే. మా ఆయన, ఆ మేస్టారు ఒక జట్టు. నన్నిందులోకి లాగకు” అని తలుపు వేసుకుంది.

పోలీసు స్టేషన్లో ఎస్సై మర్యాదగానే కూర్చోబెట్టి, చెప్పింది విన్నాడు. “ఫొటో ఉందా?”

“లేదండీ.”

“పోనీ బట్టలు అలాగే ఉన్నాయా?”

“లేవండీ. తీసేశారు.”

“ఎవరు తీశారు?”

“నేనే.”

పక్కనున్న కానిస్టేబులు తల వంచుకుని నవ్వాడు. “చూడమ్మా, ఆడవాళ్ళ లోబట్టలు ఏ తీగ మీదున్నాయని కేసు డైరీలో రాయమంటావా? పై ఆఫీసరు నన్ను పిలిచి ఏమని అడుగుతాడు?” అన్నాడు ఎస్సై. ఆయన్నని ఏం లాభం? మూడురోజులు ఎండకి, గాలికి నిలిచిన సాక్ష్యాన్ని అయిదు నిమిషాల్లో నేనే మడతపెట్టి అత్తగారి మంచం మీద పెట్టి వచ్చాను. “పనిమంతురాలివమ్మా” అంది కూడా ఆవిడ.

ఎడిటర్‌గారు నేను రాసింది చదివి, బట్టల సంగతి మొత్తం కొట్టేశారు. “ఇది పేపరమ్మా, చాకిరేవు కాదు.” మర్నాడు వార్త వచ్చింది. పిల్లలకి పాఠాలు చెప్పే భర్తను వదిలి భార్య వెళ్ళిపోయిందని, ఎవరితోనో అని అనుమానమని. ఆ మాటలు నావి కావు. ఆ ఒక్కసారి మాత్రం కింద నా పేరు వేశారు.

నెల గడిచింది. ఎవరూ వెతకడంలేదు. వెళ్ళిపోయిన మనిషిని ఎవరు వెతుకుతారు? ఆ వీధిలోంచి వెళ్ళినప్పుడల్లా మేడ వంక చూస్తాను. ఎవరో దూరపు చుట్టాన్ని వంటకి తెచ్చుకున్నారు. చొక్కాలు తిరగేసి ఉంటాయి. ముందు తీగ మీద తువ్వాళ్ళు. అత్తగారికి ఇప్పుడు కూడా పొద్దున్నే కుళాయి చప్పుడు వినపడుతూనే ఉంటుంది.

ఆదివారం పొద్దున మా ఆయనకి కాఫీ ఇస్తూ, “నేను కనపడకపోతే ఏం చెప్తారు?” అని అడిగాను.

ఆయన పేపరు దించలేదు. “పొద్దున బట్టలు ఆరేసి వెళ్ళిందని చెప్తా” అన్నాడు. నవ్వాడు. వేళాకోళమే. నాకు తెలుసు. ఆయన మంచివాడు.

బకెట్టు తీసుకుని మేడమీదికి వెళ్ళాను. పిట్టగోడకి అవతల మా పక్కింటావిడ తన బట్టలు దులుపుతోంది. నాలుగేళ్ళుగా ఎదురుపడితే తల ఊపుకోవడమే, పెద్దగా మాటల్లేవు. గోడ దగ్గరికి వెళ్ళాను.

“అక్కా, నేను లోబట్టలు ఎప్పుడూ వెనక తీగ మీదే వేస్తాను. పైన తువ్వాలు కప్పుతాను. ఒక్కసారి చూసి గుర్తుపెట్టుకుంటారా?”

ఎందుకని అడుగుతుందేమో అనుకున్నాను. అడగలేదు. మెట్ల వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

“నేను చొక్కాలు తిరగేసి, తలకిందులుగా వేస్తాను. క్లిప్పు అడుగంచుకి పెడతాను. నువ్వూ గుర్తుపెట్టుకో.”