రెండో వరుస

పొద్దున లేవగానే షాహీన్ నిన్న రాసిన గోడల కింద ఊడ్చి వచ్చేది. ఆమె కుంచెతో అబద్ధం రాస్తే, రంగు ఆరగానే అక్షరాల తలకట్లు ఊడి కింద పడేవి. కేసముద్రంలో అది ఎవరికీ వింత కాదు. అతి తక్కువ ధర అని రాయించుకున్న బట్టల కొట్టువాళ్లు తలకట్లను కాలితో పక్కకు నెట్టి షట్టర్ ఎత్తుకునేవాళ్లు.

ఆ కుంచె అంతకుముందు తమ్ముడు పర్వేజ్‌ది. ఉద్యమంలో సమ్మె మొదలైన కొత్తలో దంతాలపల్లిలో ఒక ఇంట్లో దాక్కున్న అతన్ని పోలీసులు పట్టుకుపోయి కుడిచేతి వేళ్లు విరగ్గొట్టారు. ఆ ఇల్లు తెలిసినవాడు ఉద్యమంలో తోటివాడైన రాజమౌళి ఒక్కడే. పట్టిచ్చింది రాజమౌళి అని షాహీన్ ఆ కుంచెను సున్నంలో ముంచి పలక మీద రాసి చూసింది. ఆరింది. ఒక్క తలకట్టూ రాలలేదు. పలక కడిగేసి, తమ్ముడికి అన్నం కలిపి నోట్లో పెట్టింది. ఎవరికీ చెప్పలేదు. ఆ మాట తను అనడం కాదు, రాజమౌళి నోటితోనే రావాలనుకుంది.

ఉద్యమ మండల కమిటీకి అధ్యక్షుణ్ణి ఎన్నుకునే రోజు వచ్చింది. నిలబడేవాళ్లంతా తమ గురించి షాహీన్ చేత స్టేషన్ ఎదుటి గోడ మీద రాయించాలని కమిటీ పెద్ద సుశీల తేల్చి చెప్పింది. రాజమౌళి ఫ్లెక్సీ కొట్టిస్తానన్నాడు. ఎందుకని అందరూ అతని మొహం చూసేసరికి ఒప్పుకున్నాడు.

తెలివైనవాడు. ఉద్యమంలో మూడేండ్లు తిరిగిన రాజమౌళి అని మాత్రమే రాయమన్నాడు. అది నిజమే. షాహీన్ సుద్ద పూసిన దారం కొట్టి గీతలు గీసి, అక్షరాల నడుమ ఎడం చూసుకుంటూ లావుగా రాసింది. ఆరాక కూడా తలకట్లన్నీ కుదురుగా ఉన్నాయి. జనం చప్పట్లు కొట్టారు.

ఆమె నిచ్చెన దిగి, నాలుగడుగులు వెనక్కి వచ్చి చూసింది.

"కింద జాగ బోడిగున్నది రాజమౌళన్నా. ఇంకో వరుస పడితేనే అందం. ఎవ్వరినీ పట్టియ్యలేదు అని రాయాల్నా?"

చప్పట్లు ఆగిపోయాయి. జనంలో ఉన్న పర్వేజ్ అక్క వైపు చూశాడు. రాజమౌళి పెదాలు తడుపుకున్నాడు. వద్దంటే ఒక తంటా, ఊఁ అంటే ఒక తంటా.

"రాయి," అన్నాడు చివరికి.

ఆమె తొందరపడలేదు. పై వరుస కంటే పెద్దగా, ఒత్తులు ఒరుసుకోకుండా రాసింది. ఎండ మండుతోంది. రంగు ఆరుతుండగా మొదటి తలకట్టు రాజమౌళి చెప్పు మీద పడింది. తర్వాత ఆ వరుసలోవన్నీ టపటపా రాలాయి.

సుశీల చేతిలోని పేర్ల జాబితాలో అతని పేరు కొట్టేసింది. పర్వేజ్ వంకర వేళ్లను చొక్కా కింద దాచుకోవడం మానేసి, రాజమౌళి ఎదుటికి వచ్చి నిలబడ్డాడు.

రాజమౌళి అతని వైపు చూడలేకపోయాడు. గోడ కడిగెయ్యమని షాహీన్‌ను సన్నగా బతిమాలాడు.

"గిది ఎనామిల్ రంగు అన్నా, కడిగితే పోదు," అంది ఆమె, కుంచె తుడుచుకుంటూ.

సాయంత్రం బండికి అతను ఊరు విడిచిపోయాడు. కిటికీ పక్కన తల వంచుకుని కూర్చున్నాడు. స్టేషన్‌లోంచి కూడా చదవగలిగేటంత పెద్ద అక్షరాలు అవి.