పసుపుకుచ్చు కూర

నేను మినా అత్తయ్య ఇంటికి కోడలిగా వచ్చిన ఏడాది చలికాలం ఎంతకీ వదల్లేదు. తిండికి దాచుకున్న పైన్ గింజల బుట్టలు అడుగంటాయి. మార్చిలో లోయ అంచున, రాళ్ళ మధ్య పసుపుకుచ్చు మొక్కలు చిగురు వేశాయి. ఇంకా పూత రాలేదు. ఆకు కోయడానికి అదే అదను.

"కోసుకొచ్చి వండు డెలియా. నేను పిండి దంచుకోవాలి" అంది అత్తయ్య.

రాదని చెప్పడానికి నోరు రాలేదు. ఎనిమిదేళ్ళు తెల్లవాళ్ళ బోర్డింగ్ స్కూల్లో పెరిగినదాన్ని. గిన్నెలు తోమించారు, దుప్పట్లు ఉతికించారు గానీ మా కూరలు అక్కడెవరు నేర్పుతారు? పైగా ఆరోజే మామయ్య అక్క ఎఫీ, కొత్త కోడలిని చూడ్డానికి కొండ దాటి వచ్చింది.

ఆకును కుందేలు మాంసంతో కలిపి ఒక్కసారి ఉడికించి, ఆ నీళ్ళతోనే కుండ తెచ్చి మధ్యలో పెట్టాను.

"బడిపిల్ల ఏం వెలగబెట్టిందో చూద్దాం" అంది ఎఫీ.

అత్తయ్య గరిటెతో రుచి చూసింది. ఒక్క క్షణం ఆగింది. లేవబోతూ కుండను తన్నేసింది. ఉడుకు పులుసంతా ఆమె పాదం మీదే పడింది.

"కళ్ళెక్కడ పెట్టుకున్నావే!" అని మామయ్య కేకేశాడు.

"ముసలితనం వచ్చేసింది దీనికి" అంది ఎఫీ.

"వచ్చింది వదినా. ఈ పూటకి రొట్టెతో సరిపెట్టుకోండి" అని అత్తయ్య నవ్వింది.

మర్నాడు కుంటుకుంటూ నన్ను ఆ మొక్కల దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఎన్నిసార్లు వార్చావు?"

"వార్చాలా అత్తయ్యా?"

"మొదటి నీళ్ళలో విషం దిగుతుంది. అవి పారబొయ్యి. ఆకు చన్నీళ్ళలో పిండి, మళ్ళీ ఉడకెయ్యి. చేదు పోయేదాకా అంతే. నిన్నటిది తినుంటే అందరం మంచాన పడేవాళ్ళం."

ఆమె కాలి కట్టు వైపు చూశాను. "అయితే కావాలనే తన్నావా?"

"మరి? బాగాలేదంటే కొండకవతల దాకా నీ పేరే చెప్పుకునేవాళ్ళు. కాలుదేముంది, మానుతుంది. ఏడుపాపి ఆకు తుంచు."

ఆ తర్వాత రెండేళ్ళు మామయ్యది అదే ఎగతాళి. "కుండలు దాచండర్రా, మినా వస్తోంది!" అనేవాడు. ఆమె కూడా వాళ్ళతో కలిసి నవ్వేది.

ఎఫీ మళ్ళీ వచ్చినప్పుడు నా కూర రెండోసారి వడ్డించుకుంది. "మినా కాలు తగలకముందే తినెయ్యాలి" అంది. ఇక ఊరుకోలేకపోయాను. జరిగిందంతా చెప్పేశాను.

"నిన్నెవరు చెప్పమన్నారే!" అని అత్తయ్య విరుచుకుపడింది.

మామయ్య గిన్నె కింద పెట్టి, ఆమె పాదం మీది మచ్చను చూస్తూ ఉండిపోయాడు. ఎఫీ తన గిన్నెలోని మంచి ముక్క ఏరి అత్తయ్య గిన్నెలో వేసింది.

మర్నాడు అత్తయ్య పొద్దున్నే వచ్చి, వాళ్ళమ్మ అల్లిన బుట్ట నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. అత్తయ్య పోయి పంతొమ్మిదేళ్ళు. ప్రతి వసంతంలో ఆ బుట్టలోకే ఆకు కోస్తాను, కోస్తున్నంతసేపూ మనసులో ఆమెకు దండం పెట్టుకుంటాను.